అమ్మకి ముడి వేసిన ఆమెకి, ఇంకా చాలామందికి

అమ్మ పోయి నిన్నటితో పదకొండో రోజు అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళు పడుకున్నారు, నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేను, అందుకే వంటింట్లో కూర్చుని ఫోన్లో కొడుతున్నా. తప్పులుంటే సర్దుకోండి.

వెంకటగిరి వాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు, పెద్దాసుపత్రి సిస్టరమ్మ అంటే చాలు. మద్రాసు ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. మా అమ్మ గవర్నమెంటు నర్సు. 1981లో చేరింది, 2017లో రిటైరై దిగింది. అసలు 58కే దిగాల్సింది, 2014లో 60 చేశారు కదా, ఆ రెండేళ్ళు ఎక్కువ చేసింది, దానికి తెగ సంబరపడింది. ఇంకెవరైనా అయితే ఏడ్చేవాళ్ళు.

పోయిన నెల చలిజ్వరంతో మొదలైంది. షుగర్ ఎలాగూ ఉంది, కిడ్నీ ఇన్ఫెక్షన్ అన్నారు, రెండు రోజుల్లో బీపీ పడిపోయింది. నెల్లూరు తీసుకెళ్దామని తమ్ముడంటే, "కాదు, మద్రాసు తీసుకురండి" అని నేనే పట్టుబట్టా. అంబులెన్స్ నాయుడుపేట మీదుగా వచ్చేసరికి రాత్రి పదిన్నర. ఎమర్జెన్సీలో డ్రిప్ పెట్టారు. అంత జ్వరంలో, కళ్ళు సగం మూసుకునే, పక్కన నిలబడ్డ మలయాళీ పిల్ల చెయ్యి పట్టుకుని "పాపా, చుక్కలు ఎక్కువ పోతున్నాయ్, వాచ్ చూసి లెక్కపెట్టు" అంది. ఆ పిల్లకి తెలుగు రాదు. అయినా వాచ్ వైపు చెయ్యి చూపించేసరికి అర్థమైపోయినట్టుంది, లెక్కపెట్టింది, నిజంగానే ఎక్కువ పోతోంది, రోలర్ తగ్గించింది. "ఆంటీ నర్సా?" అని నన్నడిగింది. అమ్మ నాతో సరిగ్గా మాట్లాడింది ఆ రాత్రే. తర్వాత ఐసీయూ, సెప్సిస్, డయాలసిస్, వెంటిలేటర్. పదకొండు రోజులు. ఆ వరస మొత్తం రాసే ఓపిక నాకు లేదు.

రాయాల్సింది ఆఖరి రోజు తెల్లవారుజాము గురించి.

3.40కి అయిపోయిందన్నారు. ఆ టైంలో నేనొక్కదాన్నే ఉన్నా. మా ఆయన బట్టలకి, డబ్బులకి ఇంటికెళ్ళాడు, తమ్ముడు బెంగళూరు నించి కార్లో వస్తూ ఇంకా దారిలోనే ఉన్నాడు. బయట కుర్చీలో కూర్చోమన్నారు, ప్యాక్ చేసి ఇస్తామన్నారు. ప్యాక్ అనే మాట ఆ పిల్లాడు చెడ్డగా ఏం అనలేదు, వాళ్ళు రోజూ వాడే మాటే, కానీ నాకు కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఎందుకంటే ఆ పని ఎలా చెయ్యాలో మా అమ్మ నర్సింగ్ పిల్లలకి నేర్పించడం చిన్నప్పుడు నేను కిటికీలోంచి చూశా. దవడకి కట్టు, కాలి బొటనవేళ్ళు కలిపి కట్టు, దూది, అన్నీ. "పీకొద్దు, లాగొద్దు, వింటూ ఉందనుకుని చెయ్యండి" అనేది.

అప్పుడు హౌస్ కీపింగ్ ఆమె తలుపు సగం తీసి నన్ను చూసింది. యాభై పైనే ఉంటాయి, సన్నగా, నీలం యూనిఫాం కోటు, లోపల చీర. "లోపలికి రా మా, నీ అమ్మే కదా" అంది. తెలుగులో! నేను ఏడుస్తూ అమ్మా అమ్మా అంటుంటే వినింది కాబోలు. వాళ్ళ అవ్వాతాతలు నెల్లూరు పక్కనించి కార్పొరేషన్ ఊడ్చే పనికి మద్రాసు వచ్చారంట, ఈమె ఇక్కడే పుట్టింది. సగం అరవం కలిసిన తెలుగు. మద్రాసు వీధులు ఊడ్చేవాళ్ళలో ఎంతమంది మనవాళ్ళో ఇరవై ఏళ్ళుగా ఇక్కడుంటూ కూడా నేనెప్పుడూ ఆలోచించలేదు, సిగ్గేసింది.

అమ్మ చెంపల మీద ట్యూబు అంటించిన ప్లాస్టర్ అలాగే ఉంది. ఇంకో కుర్రాడు పీకెయ్యబోయాడు, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కోటు జేబులోంచి చిన్న ప్యారాచూట్ నూనె డబ్బా తీసి, ప్లాస్టర్ అంచుల మీద వేలితో రాసి, "నానాలి" అని ఊరుకుంది. ప్రాణం పోయిన మనిషికి ఇంక నొప్పేముంది అనుకుంటాం కదా. ఆమె మాత్రం రెండు నిమిషాలు నిలబడి, తర్వాత ఒక చేత్తో చర్మం నొక్కి పట్టి, ఇంకో చేత్తో మెల్లగా చుట్టుకుంటూ తీసింది. చర్మం కొంచెం కూడా లేవలేదు. తర్వాత బేసిన్లో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది. ఎందుకు వేడినీళ్ళు అని నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

కాళ్ళు తుడిచేటప్పుడు ఆగింది. అమ్మ పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉంటాయి, ఎప్పట్నించో ఉన్నాయి, మేం చూసీ చూసీ అలవాటైపోయాం. "ఏం పని చేసేది మీ అమ్మ?" అంది. నర్సు అన్నా. "అదే అనుకుంటి. నిలబడి నిలబడి చేసిన కాళ్ళు" అని, తన చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి తన కాలు చూపించింది. అవే నరాలు. అచ్చం అవే.

పదకొండు రోజుల్లో పెద్ద పెద్ద డాక్టర్లు అమ్మ రిపోర్టులన్నీ చూశారు. క్రియాటినిన్ ఎంత, లాక్టేట్ ఎంత అని నాకు బట్టీ వచ్చేసింది. ఈ మనిషి ఏం చేసి బతికింది అని అడిగింది ఆమె ఒక్కతే. అంతే, అప్పటిదాకా ఎలాగో బిగబట్టుకుని ఉన్నదాన్ని, మంచం రెయిలింగ్ పట్టుకుని కింద కూర్చుండిపోయా. ఆమె నన్ను లేపలేదు. పని చేసుకుంటూనే ఉంది.

బ్యాగులో ఒక వెంకటగిరి కాటన్ చీర ఉంది, డిశ్చార్జి రోజు కట్టుకోడానికని అమ్మే పెట్టించింది. లేత పసుపు, సన్న జరీ అంచు. ఆస్పత్రి తెల్లగుడ్డ చుట్టబోతుంటే నేనే అడిగా ఇది కట్టొచ్చా అని. పడుకున్న మనిషికి చీర కట్టడం ఎంత కష్టమో మీలో కొందరికి తెలుసు. ఆమె కుచ్చిళ్ళు పోసి మరీ కట్టింది. ఎన్ని పోసిందో లెక్కపెట్టా, ఆరు. తర్వాత తల దువ్వింది, జడ వేస్తానంది, "కాదు, మా అమ్మ ఎప్పుడూ ముడే వేసుకునేది, డ్యూటీకి" అన్నా. మళ్ళీ విప్పి ముడి వేసింది, రెండు పిన్నులు తన తల్లోంచే తీసి పెట్టింది. "ఆయన ఉండాడా?" అంది, నాన్న ఉన్నాడు అన్నా. పర్సులోంచి వడపళని గుడి కుంకం పొట్లం తీసి నాకిచ్చి "నువ్వే పెట్టు" అంది.

ఇదంతా ఎందుకింత వివరంగా రాస్తున్నానంటే, మా అమ్మ కూడా అచ్చం ఇదే పని చేసేది. ఫిమేల్ వార్డులో ఒక గ్రీన్ బీరువా ఉండేది, కింది అరలో ఎప్పుడూ నాలుగైదు పాత చీరలు ఉతికి మడతపెట్టి పెట్టేది. మా ఇంట్లో చీర పాతబడితే పాత సామాన్లవాడికి వెయ్యనిచ్చేది కాదు. నేను ఇంటర్లో ఉండగా ఒకసారి నాకిష్టమైన వంగపండు రంగు చీర కనిపించలేదని గొడవ చేస్తే తర్వాతెప్పుడో నాన్న చెప్పాడు, బస్టాండులో పడిపోయిన ముసలావిడ ఎవరూ రాకుండా వార్డులో పోయిందంట, ఆవిడకి కట్టి పంపిందంట. ఆ చీర కోసం నేను రెండ్రోజులు అన్నం తిన్లేదు. ఇప్పుడు తల్చుకుంటే ఎక్కడ దాక్కోవాలో తెలీట్లేదు.

ఇంకొకటి చెప్పాలి. వెంకటగిరిలో మగ్గం గుంటలో కూర్చుని పనిచేసేవాళ్ళు ఎక్కువ కదా, మా వీధి చివర కూడా వాళ్ళే. వాళ్ళలో టీబీ వచ్చినవాళ్ళు మందులు ఆరు నెలలు ఆపకుండా మింగాలి, రెండు నెలలకి దగ్గు తగ్గగానే ఆపేస్తారు, అదే ప్రమాదం. ఆ మాత్రలు మింగించడం అమ్మ డ్యూటీ కాదు, దానికి వేరే వాళ్ళున్నారు. అయినా మార్నింగ్ డ్యూటీ దిగి ఇంటికొచ్చే దారిలో మగ్గం పక్కన గట్టు మీద కూర్చునేది. పోగు తెగితే అతుక్కునేదాకా ఆగేది. తర్వాత మాత్రలు, చెంబుతో నీళ్ళు, "మింగావా? ఏదీ, నాలుక ఎత్తు" అనేది. పెద్ద పెద్ద మీసాలవాళ్ళు నోరు తెరిచి నాలుక ఎత్తేవాళ్ళు, మేం పిల్లలం అది చూసి నవ్వుకునేవాళ్ళం. అమ్మని ఇంటికి తీసుకొచ్చిన రోజు సాయంత్రం ఒకాయన ఫ్రీజర్ బాక్సు పక్కన నిలబడి ఆ మాటే చెప్పాడు, నాలుక ఎత్తించేదమ్మా అని నవ్వబోయి నవ్వలేకపోయాడు.

1984 నవంబర్ తుఫానుకి నాకు పది నెలలంట. నన్ను జేజి దగ్గర వదిలేసి సూళ్ళూరుపేట వైపు క్యాంపు డ్యూటీకెళ్ళి పన్నెండు రోజులు రాలేదు. బావుల్లో బ్లీచింగ్, కలరా సూదులు. అప్పట్లో గాజు సిరంజిలు, స్టవ్ మీద ఉడకబెట్టాలి, సూది మొన మొద్దుబారితే రాయి మీద నూరాలి. తిరిగొచ్చేసరికి నేను అమ్మని గుర్తుపట్టలేదని జేజి చచ్చేదాకా దెప్పింది. పల్స్ పోలియో మొదలైన 1995 నించి పోలియో ఆదివారాలు మాకు అమ్మ లేదు, ఐస్ ప్యాకులు పెట్టిన నీలం డబ్బా భుజానేసుకుని పోయేది. 2014 మార్చిలో దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారని టీవీలో చెప్తే "ఆ సరేలే" అని ఆ రోజు మాత్రం సేమ్యా పాయసం చేసింది. పోలేరమ్మ జాతర మేం పిల్లలం చూశాం, అమ్మ ఎప్పుడూ చూళ్ళేదు. జాతర రాత్రంతా సొమ్మసిల్లిన వాళ్ళు, తొక్కుళ్ళు, తాగి పడ్డవాళ్ళు, క్యాజువాల్టీ నిండిపోయేది.

ఇప్పుడు కొంచెం కోపంగా రాస్తాను, ఇష్టం లేనివాళ్ళు ఈ పేరా వదిలెయ్యండి.

36 ఏళ్ళు గవర్నమెంటు ఆస్పత్రిలో చేసిన మనిషికి ఈహెచ్‌ఎస్ కార్డు, అంటే గవర్నమెంటు ఉద్యోగుల వైద్యం కార్డు ఉంది, నెలనెలా పెన్షన్లోంచి కట్ అవుతుంది. కౌంటర్లో చూపిస్తే ఆ అబ్బాయి అటూ ఇటూ తిప్పి "ఇది ఇక్కడ చెల్లదు మేడం" అని వెనక్కిచ్చాడు. ముందు డిపాజిట్ కట్టాకే బెడ్డు. సరే కట్టాం, తర్వాత రోజూ కట్టాం, నా కంపెనీ ఇన్సూరెన్సులో అమ్మ పేరుంది కాబట్టి కొంతైనా దక్కింది. ప్రాణం 3.40కి పోతే మాకు అమ్మని ఇచ్చింది 11.20కి. ఎందుకంటే ఇన్సూరెన్సు డెస్కు తొమ్మిదికి తెరుస్తారు, ఫైనల్ అప్రూవల్ రావాలి, మెయిల్ పెట్టాం మేడం, వెయిట్ చెయ్యండి మేడం. ఏడున్నర గంటలకి పైగా మా అమ్మ ఒక మెయిల్ కోసం చలిగదిలో పడుంది. పేషెంట్ల హక్కుల చార్టర్ అని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో ఒకటి తయారుచేసింది, డబ్బుల గొడవ ఉందని శవాన్ని ఆపకూడదని అందులో ఉంది. మాది గొడవ కూడా కాదు, కడతామనే చెప్పాం. ఆ రూల్ నేను తర్వాత ఇంటికొచ్చి చదివా. అప్పుడు తెలిసున్నా అరిచే ఓపిక ఉండేదా అంటే ఉండేది కాదు, వాళ్ళ ధీమా కూడా అదే. హాస్పిటల్ పేరు రాయను. కామెంట్లలో అడగొద్దు. ఇప్పుడు రీయింబర్స్‌మెంటుకి ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, ఒరిజినల్ బిల్లులు అని తమ్ముడు ఫైలు కడుతున్నాడు. అమ్మ ఉంటే ఎవర్ని కలవాలో, ఏ కాగితం పైన పెట్టాలో చెప్పేది.

సరే, ఇది థ్యాంక్స్ చెప్పడానికి రాస్తున్నా కదా.

ఆ ఏడున్నర గంటల్లో ఆమె షిఫ్టు ఏడింటికి అయిపోయింది. వెళ్ళలేదు. కింద టీ స్టాల్ నించి రెండు టీలు తెచ్చి నా పక్కన మెట్ల మీద కూర్చుంది. పెద్దగా ఏం మాట్లాడలేదు, వాళ్ళ కోడలికి నెలలు నిండాయంది, స్టాన్లీ గవర్నమెంటు ఆస్పత్రిలో చూపిస్తున్నామంది. నేను మా అమ్మ ఉంటే ఏం చెప్పేదో అది చెప్పా, కాళ్ళ వాపు, తలనొప్పి, కళ్ళు మసకలు ఏదొచ్చినా ఆగొద్దు, వెంటనే తీసుకెళ్ళు అని. ఎనిమిదిన్నరకి సూపర్‌వైజర్ వచ్చి ఇంకా ఎందుకున్నావ్ ఇక్కడ అని అందరిముందూ అరిస్తే లేచి వెళ్ళింది. 500 ఇవ్వబోయా. తీసుకోలేదు. చేతిలో కుక్కితే నోటు వైపు చూసి "చిల్లర లేదా, టీకి ఇరవై ఇయ్యి చాలు" అంది. ఇరవై ఇచ్చా. నా జీవితంలో అంత కష్టంగా ఎవరికీ ఇరవై రూపాయలు ఇవ్వలేదు.

పేరు చెప్పింది. నెట్లో పెడతానంటే వద్దంది, కాంట్రాక్టు పని మా, పేషెంటు వాళ్ళతో కూర్చున్నానని తెలిస్తే పొమ్మంటారు అంది. అందుకే ఇక్కడ రాయట్లేదు. ఆమె ఇది చదవదు కూడా, తెలుగు మాట్లాడటమే, చదవడం రాదంది. అక్కా, నీ ఎర్ర దువ్వెన మా బ్యాగులో వచ్చేసింది. రెండు పళ్ళు విరిగుంది. సోమవారం మద్రాసు వస్తున్నా, నైట్ డ్యూటీ మారకుండా ఉంటే బావుణ్ణు.

మిగతావాళ్ళు. మా ఆయన, తమ్ముడు, మరదలు, పిన్నివాళ్ళు, వీళ్ళకి థ్యాంక్స్ చెప్తే తిడతారు కాబట్టి చెప్పట్లేదు. నాన్నకి స్మార్ట్ ఫోనే లేదు.

ప్లేట్‌లెట్స్ ఇచ్చిన నలుగురు కుర్రాళ్ళకి, ఇద్దరు మా ఆఫీసు, ఇద్దరెవరో నాకు ఇప్పటికీ తెలీదు, గిండీ నించి వర్షంలో బండి మీద వచ్చి ఆ మిషన్ పక్కన గంటన్నర పడుకుని జ్యూస్ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. చుక్కలు లెక్కపెట్టిన మలయాళీ పాపకి, మొదటి రాత్రి తర్వాత మళ్ళీ కనిపించలేదు, డ్యూటీ మార్చేశారంట. అమ్మని ఇంటికి తెచ్చిన అంబులెన్స్ డ్రైవరు తమ్ముడికి, రెడ్‌హిల్స్ దాటేదాకా ట్రాఫిక్కులో నానా కష్టాలు పడ్డాడు, తడ దగ్గర ఆపి మమ్మల్ని బలవంతంగా ఇడ్లీ తినిపించాడు, తను మాత్రం బండి దిగలేదు, అమ్మని ఒక్కదాన్నే ఎలా వదలనక్కా అన్నాడు. ఇతని గురించి ఇంకా రాయాలి కానీ కళ్ళు మూతలు పడుతున్నాయి.

అయ్యో, ఐసీయూ బయట సెక్యూరిటీ ముసలాయన. ఫోన్ ఛార్జింగ్ ఆయన టేబుల్ కిందే పెట్టుకునేదాన్ని, రూల్ ప్రకారం పెట్టనివ్వకూడదంట. పక్క బెడ్డు పేషెంటు కొడుకు, తిరుపత్తూరు అబ్బాయి, తమిళంలో డాక్టర్ చెప్పింది అర్థంకానప్పుడల్లా తనే వచ్చి మళ్ళీ చెప్పేవాడు, ఇన్నేళ్ళున్నా ఆ ఆస్పత్రి తమిళం నాకు సగమే అర్థమవుతుంది. వాళ్ళ నాన్న ఎలా ఉన్నారో కనుక్కోవాలి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య, పదకొండు రోజులూ పిల్లలకి టిఫిన్. మందుల షాపులో కుర్రాడు, వాడని ఇంజెక్షన్లు బిల్లు చూసి మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నాడు. అమ్మతో పనిచేసిన సిస్టర్లు, రిటైరైనవాళ్ళు కూడా, ఆరుగురు తెల్లచీరలే కట్టుకుని వచ్చారు, ఎవరు చెప్పారో తెలీదు. అందులో ఒకావిడ ముడి చూసి "ఎవరేశారే, బాగా వేశారు" అంది.

ఎడిట్: ఫ్రీజర్ బాక్సు ఆయన్ని మర్చిపోయా, డబ్బులు తీసుకోలేదు, వాళ్ళిద్దరు పిల్లలు అమ్మ చేతిమీదే పుట్టారంట.

ఇంకో ఎడిట్: ఆ రోజు బాక్సుకి కరెంటు చాలకపోతే ఎవరో పరిగెత్తుకెళ్ళి పొడుగు ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చారు. తెల్లది, వైరుకి మధ్యలో నల్ల టేపు చుట్టుంది. వీధిలో అందర్నీ అడిగా, మాది కాదంటున్నారు. వరండాలోనే పెట్టా, ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి.